మూత బిగించే ముందు గింజ ఎంత ఆరింది?

ప్రశ్న: పోయిన పంటలో సొంత విత్తనం కోసం వరి, పెసర, వేరుశనగ, ఉల్లి గింజలు దాచుకున్నాను. సిమెంటు గచ్చు మీద రెండు రోజులు ఎండబెట్టి, గాలి చొరబడని ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పోసి మూతలు బిగించాను. చోటు కలిసొస్తుందని వేరుశనగ కాయలు ఒలిచి పప్పుగా పోశాను. నెల తర్వాత మొలక కట్టి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. ఎనిమిది నెలలకు చూస్తే నూటికి వరి 74, వేరుశనగ 35, ఉల్లి ఐదారు మాత్రమే మొలిచాయి. పెసర డ్రమ్ము సగమే నిండింది, ఇంట్లో వాడకానికి మధ్యమధ్యలో తీసేవాళ్లం. అందులో చాలా గింజలకు చిల్లులు పడ్డాయి. కొంచెం ఉల్లి విత్తనం కాగితం కవరులో ఫ్రిజ్‌లో పెట్టాను, అదీ 15 దాటలేదు. గాలి తగలకుండా దాచినా ఇలా ఎందుకయింది? ఫ్రిజ్ విత్తనానికి చెడ్డదా? మిగిలినవి వేసుకోవచ్చా? వచ్చేసారి ఎలా దాచాలి?

జవాబు: అసలు కారణం మీ ఉత్తరం మొదట్లోనే ఉంది. రెండు రోజుల ఎండ చాలలేదు, ఆ వెంటనే మూత బిగించారు. గాలి చొరబడని డబ్బా గింజను ఆరబెట్టలేదు. ఏ తేమతో లోపలికి పోస్తే ఆ తేమతోనే పట్టి ఉంచుతుంది. బాగా ఎండిన గింజకు అంతకన్నా మంచి కాపలా లేదు. పచ్చిదనం మిగిలిన గింజకు మాత్రం అది గోనె సంచి కన్నా ప్రమాదం. గోనెలో ఉంటే పొడి గాలి వీచే రోజుల్లో కొంతైనా ఆరుతుంది, బిగించిన డ్రమ్ములో ఆ దారి కూడా ఉండదు.

లెక్క వేసి చూడండి. 100 లీటర్ల డ్రమ్ములో 14 శాతం తేమ ఉన్న వడ్లు 50 కిలోలు పోశారనుకుందాం. ఆ వడ్లలో 7 కిలోల నీళ్లున్నాయి. 30 డిగ్రీల వేడిలో డ్రమ్ములోని గాలి మొత్తం ఆవిరితో నిండిపోయినా అందులో పట్టేది 3 గ్రాముల లోపే. అంటే మూత పడ్డాక లోపలి గాలి ఎంత తేమగా ఉండాలో గింజే నిర్ణయిస్తుంది. 14 శాతం వడ్లు తమ చుట్టూ గాలిని 70 నుంచి 75 శాతం తేమ దగ్గర నిలబెడతాయి (గాలి తేమ శాతం అంటే, గాలి పట్టగల ఆవిరిలో నూటికి ఎంత వంతు ఉందో చెప్పే అంకె). గిడ్డంగుల్లో కనిపించే బూజులు 65 శాతం దాటాక మెల్లగా లేవడం మొదలుపెడతాయి, 70 దాటితే వాటికి అడ్డు ఉండదు. పైగా పగలు వేడెక్కి రాత్రి చల్లబడే గదిలో తేమ డ్రమ్ము లోపలే తిరుగుతుంది. వెచ్చని చోట గింజ నుంచి లేచిన ఆవిరి చల్లని మూత అడుగున చేరి పై పొర గింజల్ని తడిపేస్తుంది. మూత తీయగానే ముక్క వాసన వచ్చి ఉంటే, పై నాలుగు వేళ్ల మందంలో గింజ రంగు మారి ఉంటే, జరిగింది ఇదే.

బూజు లేకపోయినా విత్తనం లోపల ముసలితనం ఆగదు. గింజ బతికున్న ప్రాణి. తేమ ఎక్కువైతే ఊపిరి పీలుస్తూ దాచుకున్న ఆహారాన్ని ఖర్చు చేస్తుంది, ఆ వేడి, ఆ తేమ మళ్లీ కుప్పలోనే చేరతాయి. తేమ తక్కువైనా లోపలి కొవ్వులు మెల్లగా ఆక్సిజన్‌తో కలిసి చెడతాయి, కణాల పొరలు చిల్లులు పడతాయి, మొలకకు కావలసిన ఎంజైములు, జన్యు పదార్థం దెబ్బతింటాయి. పొడిగా ఉన్నంతకాలం ఆ నష్టాన్ని సరిచేసుకునే పని కూడా నడవదు. నష్టం పోగవుతూనే ఉంటుంది. నీళ్లు తగిలిన రోజున గింజ ముందు ఆ మరమ్మతు పూర్తిచేసుకోవాలి, ఆ తర్వాతే మొలక. అందుకే పాత విత్తనం ఆలస్యంగా, ఒక్కొక్కటి ఒక్కో రోజున మొలుస్తుంది. కణాల నుంచి కారిపోయిన చక్కెరలు చుట్టూ మట్టిలో కుళ్లు బూజులకు మేత అవుతాయి.

నెల తర్వాత చూసినప్పుడు అంతా బాగుండడం మిమ్మల్ని మోసం చేసింది. మొలక శాతం రోజుకింత అని సమానంగా తగ్గదు. చాలాకాలం దాదాపు కదలకుండా ఉండి, తర్వాత ఏటవాలుగా పడిపోతుంది. 96 నుంచి 90కి రావడానికి నెలలు పట్టిన విత్తనం, అక్కడి నుంచి 50కి రావడానికి అంతకన్నా చాలా తక్కువ కాలం తీసుకోవచ్చు. దాచే రోజున 98 ఉన్న విత్తనానికీ 90 ఉన్న విత్తనానికీ తేడా 8 మాత్రమే అనిపిస్తుంది. నిజానికి రెండోది అప్పటికే ఆ వాలు అంచుకు చేరి ఉంటుంది. కోతకు ముందు వానలో తడిసిన కంకి, పూర్తిగా పక్వం కాని గింజ, నూర్పిడిలో పగుళ్లు పడ్డ గింజ ఇలా సగం ఆయుష్షు పొలంలోనే పోగొట్టుకుని వస్తాయి. దాచడంలో ఎంత జాగ్రత్తపడినా పోయిన శక్తి తిరిగి రాదు.

తేమకూ వేడికీ విలువ ఎంతో చెప్పే సూత్రం ఒకటుంది. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది, నిల్వ వేడి 5 డిగ్రీలు తగ్గితే ఇంకో రెట్టింపు. 14 శాతం తేమతో 35 డిగ్రీల గదిలో ఉన్న విత్తనాన్ని 10 శాతానికి ఆరబెట్టి 25 డిగ్రీల గదిలో పెడితే, తేమ వల్ల 16 రెట్లు, చల్లదనం వల్ల 4 రెట్లు, మొత్తం 64 రెట్ల తేడా. ఇది రఫ్ లెక్కే. తేమ 5 నుంచి 14 శాతం మధ్య, వేడి 0 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఎక్కడ శ్రమ పెట్టాలో మాత్రం చక్కగా చూపిస్తుంది. గదిని 10 డిగ్రీలు చల్లబరచడం మనలో చాలామందికి సాధ్యం కాదు. గింజలో ఇంకో రెండు మూడు శాతం తేమ తీయడం ఎవరికైనా సాధ్యమే.

ఇక ఒకే రకంగా దాచినా వరి నిలబడి వేరుశనగ ఎందుకు పడిపోయిందంటే, నూనె. నూనె నీటిని పట్టుకోదు. వేరుశనగ పప్పులో దాదాపు సగం నూనే. పప్పులో 8 శాతం తేమ ఉందంటే అదంతా నూనె కాని మిగతా సగంలోనే ఇరుక్కుని ఉంది. ఆ భాగం వరకు చూస్తే తేమ 14, 15 శాతం. వరికి 13 శాతం క్షేమం కాబట్టి వేరుశనగకూ క్షేమం అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. సంచిలో మామూలుగా దాచేటప్పుడు వడ్లకు 13 శాతం, మొక్కజొన్న, జొన్న, సోయాబీన్‌కు 12, పెసర, మినుములకు 9, వేరుశనగకు 9, ఉల్లి, టమాట, మిరపకు 8 దాటకూడదు. గాలి చొరబడని డబ్బాలోనైతే ఇంకా తగ్గాలి. వడ్లు, మొక్కజొన్న, జొన్న, పెసర 8 శాతానికి, సోయాబీన్ 7కు, ఉల్లి, టమాట, మిరప 6కు, వేరుశనగ 5కు రావాలి. మీరు డ్రమ్ము వాడారు కాబట్టి మీకు వర్తించేవి ఈ రెండో అంకెలు. రెండు రోజుల ఎండకు వీటిలో ఏ పంటా అక్కడికి చేరదు.

వేరుశనగలో ఇంకో తప్పు జరిగింది. కాయ పెంకు ఆ పప్పుకు పుట్టుకతో వచ్చిన కవచం. ఒలిచేటప్పుడు ఎర్ర పొర గీరుకుపోతుంది, బద్దలు విడిపోతాయి, కొనన ఉండే మొలక ముక్కు నలుగుతుంది. అలాంటి పప్పులో నూనె త్వరగా చెడుతుంది, బూజుకూ పురుగుకూ తలుపు తెరుచుకుంటుంది. విత్తనానికి కాయగానే దాచండి. విత్తడానికి వారం పది రోజుల ముందు మాత్రమే, వీలైతే చేత్తో ఒలవండి.

ఉల్లి సంగతి వేరు. అది పుట్టుకతోనే అల్పాయుష్షు గింజ. మామూలు గదిలో ఏడాది దాటితే నమ్మకం ఉండదు. క్యారెట్, సోయాబీన్ కూడా ఈ వరసలోవే. టమాట, వంగ, దోస, వరి, జొన్న ఎక్కువ ఓర్చుకుంటాయి. గింజ చిన్నదయ్యేకొద్దీ చుట్టూ ఉన్న గాలి తేమను త్వరగా పీల్చుకుంటుంది. కాగితం కవరు ఆవిరిని ఆపదు. కూరగాయలతో నిండిన ఫ్రిజ్‌లో గాలి చల్లగా ఉంటుంది కానీ చాలాసార్లు తేమగా కూడా ఉంటుంది. చల్లదనం వల్ల వచ్చిన లాభాన్ని ఆ తేమ తినేసింది. కవరు బయటికి తీసిన ప్రతిసారీ చల్లని గింజల మీద బయటి గాలిలోని ఆవిరి నీటి పొరలా దిగుతుంది, మళ్లీ లోపల పెడితే ఆ నీరు అక్కడే ఉంటుంది. కాబట్టి ఫ్రిజ్ చెడ్డది కాదు. ఆరబెట్టి, ఆవిరి పోని సీసాలో బిగించి పెడితే అంతకన్నా మంచి చోటు ఇంట్లో లేదు. ఒక్క నియమం మాత్రం తప్పకండి. సీసా బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, అంటే చిన్న సీసా అయితే ఐదారు గంటలు, పెద్దదైతే ఒక రాత్రంతా, మూత తీయొద్దు.

పెసర డ్రమ్ములో తేమతో పాటు పుచ్చు పురుగు కూడా ఉంది. ఆ పురుగు చాలాసార్లు గోదాములో పుట్టదు, పొలం నుంచే వస్తుంది. తల్లి పురుగు చేలో కాయల మీద గుడ్లు పెడుతుంది, పిల్ల నేరుగా గింజలోకి తొలుచుకుని పోతుంది. దాచే రోజున పైకి ఏమీ కనబడదు. వెచ్చని గదిలో సుమారు నెలకు ఒక తరం పూర్తవుతుంది, ఒక్కో తల్లి డెబ్భై ఎనభై గుడ్లు పెట్టగలదు, కాబట్టి మూడో తరానికి డ్రమ్మంతా చిల్లులే. తేమ తగ్గిస్తే బియ్యపు ముక్కు పురుగు సంతతి బాగా తగ్గుతుంది, పుచ్చు పురుగు మాత్రం ఎండు పప్పుల్లోనూ బతుకుతుంది. దాన్ని చంపేది గాలి లేకపోవడం. డబ్బా అంచుదాకా నిండి, మూత నిజంగా బిగిసి ఉంటే, పురుగులే లోపలి ఆక్సిజన్ వాడుకుని ఆగిపోతాయి. మూడు పొరల నిల్వ సంచులు పనిచేసేది ఈ లెక్క మీదే. మీ డ్రమ్ము సగం ఖాళీ, అదీగాక మధ్యమధ్యలో మూత తీశారు. తీసిన ప్రతిసారీ వాటికి కొత్త ఊపిరి అందింది. విత్తనం డబ్బా, వాడకం డబ్బా ఎప్పుడూ వేరుగా ఉండాలి.

కొద్ది పెసర విత్తనమైతే రెండు దారులున్నాయి. 10 శాతం లోపు ఆరిన గింజను కిలో కిలో కవర్లుగా బిగించి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే గుడ్డు, పిల్ల, పెద్ద అన్నీ చస్తాయి, గింజకు ఏమీ కాదు. తడి గింజను అలా పెడితే లోపలి నీరు గడ్డకట్టి మొలకే చస్తుంది, అందుకే ఆరబెట్టడం ముందు. రెండోది, కిలో గింజకు 5 మిల్లీలీటర్ల వంటనూనె వేసి ప్రతి గింజకూ పలచగా అంటేలా కలపడం. నూనె గుడ్డుకు గాలి అందనివ్వదు. అప్పటికే గింజ లోపలికి దూరిన పిల్లల్ని ఇది పెద్దగా ఆపదు కాబట్టి ఎండబెట్టిన వెంటనే, ఆలస్యం లేకుండా చెయ్యాలి.

ఇప్పుడు ఆరబెట్టడం గురించి. చాలామంది విత్తనం ఇక్కడే పోగొట్టుకుంటారు. ఎక్కువ ఎండ అంటే ఎక్కువ ఆరుదల అనుకోవడం పొరపాటు. ఎండాకాలం మధ్యాహ్నం సిమెంటు గచ్చు సులభంగా 50 డిగ్రీలు దాటుతుంది. గింజ ఎంత తడిగా ఉంటే అంత తక్కువ వేడికి చస్తుంది. తేమ 18 శాతం పైన ఉన్నప్పుడు గింజ వేడి 32 డిగ్రీలు దాటకూడదు, 10 నుంచి 18 మధ్య 37 దాకా, 10 లోపు వచ్చాక 43 దాకా ఓర్చుకుంటుంది. అంటే మొదటి రోజులు నీడలో, గాలి ఆడే చోట ఆరాలి, ఎండ తర్వాత. మీరు సరిగ్గా తిరగేసి చేశారు. పచ్చి గింజను మొదటి రోజే కాలే గచ్చు మీద పోశారు. పైపొర గట్టిపడి లోపలి తడి బయటికి రాలేదు, వరికైతే వేగంగా ఆరితే పగుళ్లు కూడా వస్తాయి.

గచ్చు మీద నేరుగా కాకుండా పట్టా మీద, వీలైతే నేలకు ఎత్తుగా కట్టిన వల మంచం మీద పోయండి. మందం 3 నుంచి 5 సెంటీమీటర్లు, ఉల్లి లాంటి చిన్న గింజలు ఒక సెంటీమీటరు చాలు. అరగంటకోసారి కలపండి. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నీడలోకి లాగండి. సాయంత్రం గాలి తేమ పెరగకముందే కుప్పచేసి కప్పండి. కప్పి ఉంచిన ఆ రాత్రి వృథా కాదు, గింజ నడుమ ఉన్న తేమ పైకి చేరేది అప్పుడే, మర్నాడు అది తేలిగ్గా పోతుంది. వేరుశనగ పీకిన రోజు కాయ లోపల తేమ చాలా ఎక్కువగా ఉంటుంది. మొక్కలతో సహా కాయలు పైకి తిప్పి చేలోనే మూడు నాలుగు రోజులు వాడనిచ్చి, తెంపాక కాయల్ని నీడలో ఇంకో నాలుగైదు రోజులు ఆరబెట్టాలి. ఊపితే పప్పు కాయలో గలగలలాడాలి.

ఆరబెట్టడానికి ఒక హద్దుంది. గింజ చుట్టూ గాలి కన్నా ఎక్కువ పొడిగా ఎప్పటికీ కాదు. బయట గాలి తేమ 75 శాతం ఉంటే వడ్లు ఎన్నిరోజులు ఆరినా 14 దగ్గర ఆగిపోతాయి. వాన ముసురులో ఎండబెట్టిన విత్తనం ఎండినట్టే కనబడుతుంది, నిజానికి ఆగిపోయింది. ఉల్లి, టమాట, మిరప లాంటి కొద్ది విత్తనానికి అక్కడి నుంచి సిలికా జెల్, అంటే తేమ పీల్చే గుళికలు, వాడాలి. గింజ ఎంత బరువో జెల్ అంత బరువు తీసుకుని, గింజను పలచని గుడ్డ సంచిలో కట్టి, రెంటినీ ఒకే సీసాలో బిగించండి. ఉల్లి వారానికి, పెసర లాంటి పెద్ద గింజ రెండు వారాలకు దిగుతుంది. నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా మారితే నీళ్లు తాగేసిందని గుర్తు. సుమారు 120 డిగ్రీల ఓవెన్‌లో మూడు నాలుగు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగు రకంలో కోబాల్టు ఉంటుంది, చేత్తో ముట్టుకోవాల్సిన పని కాబట్టి నారింజ రకమే మేలు. పని అయ్యాక విత్తనాన్ని వేరే పొడి సీసాలోకి మార్చి, అందులో చెంచాడు కొత్త జెల్ మాత్రం వేయండి. అది కాపలాకు, రంగు మారితే మూత కారుతోందని తెలుస్తుంది.

ఎంత ఆరిందో ఎలా తెలుసుకోవాలి? మా ఉద్దేశంలో అన్నిటికన్నా మంచి పనిముట్టు గాలి తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు. గాజు సీసాలో ముప్పాతిక వంతు గింజ పోసి, మీటరును గింజల మధ్య పెట్టి, మూత బిగించి, నీడలో ఒక రోజు వదిలేయండి. గింజ, గాలి సమతూకానికి వస్తాయి, మీటరు చూపే అంకె గింజ స్థితే. నూనె గింజలకు ఒకటి, ధాన్యాలకు ఇంకొకటి అని వేరే పట్టిక అక్కర్లేదు, అదే దీని గొప్ప. అంకె 65 దాటితే ఎలాగూ దాచొద్దు. 50 నుంచి 65 మధ్య ఉంటే గోనె సంచిలో, గాలి ఆడే చోట, ఒక కారు (పంటకాలం) వరకు పర్వాలేదు. బిగించే డబ్బాకైతే 40 లోపు, ఏడాది దాటి దాచాలంటే 30 లోపు రావాలి. ప్రపంచంలో పెద్ద విత్తన భాండాగారాలు 15 డిగ్రీల చల్లదనంలో, 15 శాతం తేమ గాలిలో ఆరబెట్టి, మైనస్ 18 దగ్గర దాచేవి ఇదే లెక్క మీద.

మీటరు లేకపోతే ఉప్పు. పొడి ఉప్పు రెండు చెంచాలు, పొడి గాజు సీసాలో నాలుగోవంతు గింజ వేసి బాగా ఊపి, పావుగంట ఆగండి. ఉప్పు గాజుకు అంటుకుంటే గింజ చుట్టూ గాలి 75 శాతం దాటిందన్నమాట. ఉప్పు ఆవిరిని పీల్చి తడిసేది సరిగ్గా ఆ అంకె దగ్గరే. అంటుకోకపోతే 75 లోపు ఉందని మాత్రమే తెలుస్తుంది, 40 లోపు వచ్చిందని కాదు. ఇది తడి విత్తనాన్ని వెనక్కి పంపడానికి పనికొస్తుంది, పొడి విత్తనానికి సర్టిఫికెట్ కాదు. గింజలో మొదటి తేమ శాతం ఎంతో ధాన్యం తేమ కొలిచే యంత్రం మీద ఒకసారి చూసుకుంటే ఆ పైన తూకం చాలు. 14 శాతం తేమ ఉన్న 10 కిలోల వడ్లు 9 కిలోల 350 గ్రాములకు వస్తే 8 శాతం. మొదటి బరువును 86తో హెచ్చవేసి 92తో భాగించడమే, ఎందుకంటే ఎండిన పదార్థం మారదు, పోయేది నీళ్లే.

ఎండలో నుంచి తెచ్చిన వేడి గింజను వెంటనే మూత వేయొద్దు. నీడలో చల్లారాక, అదే రోజు సాయంత్రంలోపు బిగించండి. రాత్రంతా బయట ఉంచితే గింజ మళ్లీ తేమ పీల్చుకుని పని మొదటికొస్తుంది. డబ్బాలు అంచుదాకా నింపాలి. పెద్ద డ్రమ్ము ఒకటి కన్నా, ఒక్కసారి తెరిచి ఖాళీ చేసేంత చిన్న డబ్బాలు నాలుగు మేలు. నేల మీద కాకుండా చెక్క మీద, గోడకు ఒక జాన ఎడంగా, రేకుల కప్పు కింద కాకుండా, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో పెట్టండి. ఎరువుల బస్తాల పక్కన వద్దు. పంట పేరు, కోసిన నెల, మూత వేసిన రోజు మీటరు అంకె, మొలక శాతం చీటీ మీద రాసి ఒకటి లోపల, ఒకటి బయట ఉంచండి.

ఇప్పుడు చేతిలో ఉన్నవాటి సంగతి. తీర్పు చెప్పే ముందు మొలక పరీక్ష ఇంకోసారి సరిగా చేయండి. ఏరకుండా, డబ్బా పైన, నడుమ, అడుగు నుంచి తీసి కలిపిన కుప్ప నుంచి 100 గింజలు లెక్కపెట్టి, తడిపి పిండిన గుడ్డలో వరసలుగా పేర్చి, చాపలా చుట్టి, 25 నుంచి 30 డిగ్రీల చోట నిలబెట్టండి. గుడ్డ తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు, నీళ్లలో మునిగితే మంచి గింజ కూడా ఊపిరాడక చస్తుంది. పెసరను 8వ రోజు, వేరుశనగను 10వ రోజు, ఉల్లిని 12వ రోజు, వరిని 14వ రోజు చివరిసారి లెక్కించండి. వేరు, కాండం రెండూ తిన్నగా ఉన్న మొలకనే లెక్కలోకి తీసుకోండి. వేరు మొద్దుబారి కాండం మాత్రం వచ్చింది పొలంలో నిలవదు. 100 గింజల్లో 80 వచ్చాయంటే అసలు సంఖ్య 72 నుంచి 88 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అందుకే 100తో నాలుగుసార్లు చేస్తే నమ్మకం. పది గింజలు వేసి తొమ్మిది మొలిచాయని సంతోషించకండి. నీళ్లలో వేసి తేలినవి చచ్చినవి, మునిగినవి బతికినవి అని కొందరు చూస్తారు. అది తాలును వేరుచేస్తుంది, ముసలితనంతో చచ్చిన గింజ నిండుగా మునుగుతుంది.

వరి 74 అంటే వాడుకోవచ్చు, నారుమడికి మాత్రమే, నేరుగా చల్లడానికి వద్దు. 80 మొలక లెక్కన వేసే విత్తనాన్ని 80 భాగించు 74, అంటే నూటికి 8 వంతులు పెంచితే సంఖ్య సరిపోతుంది. సత్తువ తగ్గినదని గుర్తుపెట్టుకుని మడి మెత్తగా, నీరు నిలవకుండా చూడండి. వేరుశనగ 35 వద్దు. విత్తనం మూడింతలు పెంచినా ఆ 35 కూడా బలహీనమైనవే, మిగిలిన 65 మట్టిలో కుళ్లి పక్కవాటికి తెగులు అంటిస్తాయి. ఆ పప్పులో బూజు పట్టినవి, ముడతలు పడి రంగు మారినవి తినొద్దు, పశువులకూ పెట్టొద్దు. అక్కడ పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది, వేయించినా అది పూర్తిగా పోదు. ఉల్లి కొత్త విత్తనం తెచ్చుకోండి, రెంటినీ కలపకండి. పెసరలో చిల్లున్నవి తీసేసి, చిల్లులేనివి పైన చెప్పినట్టు 10 శాతం లోపుకు ఆరబెట్టి, వెంటనే బిగించి ఫ్రీజర్‌లో వారం ఉంచి, తర్వాత మొలక చూడండి. చిల్లులేని గింజలోనూ పురుగు ఉండొచ్చు కాబట్టి ఫ్రీజర్ తర్వాతే ఈ పరీక్షకు అర్థం.

పెసర పరీక్షలో కొన్ని గింజలు ఎనిమిదో రోజుకీ రాయిలా గట్టిగా, ఉబ్బకుండా మిగిలితే వాటిని చచ్చినవాటిలో వేయకండి. అవి తొక్క గుండా నీళ్లు పోనివ్వని గట్టి గింజలు. బాగా ఎండిన పప్పుధాన్యాల్లో ఇది సహజం. సన్న గరుకు కాగితం మీద తొక్క కాస్త గీరి మళ్లీ తడి గుడ్డలో పెడితే రెండు మూడు రోజుల్లో మొలుస్తాయి. చచ్చినవి మెత్తబడి, నొక్కితే నలిగి, బూజు పడతాయి. కొత్తగా కోసిన వరి మొలవకపోయినా అది చావు కాకపోవచ్చు, కొన్ని రకాలు కోత తర్వాత కొన్ని వారాలు నిద్రలో ఉంటాయి.

బాగా ఎండిన పెసర, సోయాబీన్ విషయంలో ఇంకో మాట. 7, 8 శాతం తేమ ఉన్న గింజను చల్లని తడి నేలలో ఒక్కసారిగా పెడితే నీరు ఉధృతంగా లోపలికి దూకి బద్దలు పగులుతాయి. విత్తే ముందు రెండు రోజులు డబ్బా మూత తీసి, గింజను పలచగా పరిచి, గది గాలిలో వదిలేయండి. అది నెమ్మదిగా 11, 12 శాతానికి వస్తే ఆ దెబ్బ తగలదు.

ఇదంతా ఎండితే నిలిచే విత్తనాలకే. మామిడి, పనస, కోకో, రబ్బరు టెంకలు ఎండితే చస్తాయి, వాటిని ఆరబెట్టకుండా తడి ఇసుకలో కొద్ది రోజులే ఉంచి వెంటనే నాటాలి. వాటిని ఈ సీసాల్లో వేయకండి.

వచ్చే కారుకు మీరు ముందే చేయాల్సిన పని మొలక పరీక్ష తేదీ రాసుకోవడం. దాచిన రోజు ఒకటి, నాలుగో నెలలో ఒకటి, విత్తడానికి 40 రోజుల ముందు ఒకటి. ఆ మూడోది ముఖ్యం. అప్పుడు అంకె పడిపోయిందని తెలిస్తే వేరే విత్తనం వెతుక్కునే సమయం చేతిలో ఉంటుంది. పరీక్షకు కావలసిన గింజలు విడిగా చిన్న సీసాలో, అదే చోట, అదే తేమతో దాచుకోండి, పెద్ద డబ్బా మూత తీయాల్సిన అవసరం రాదు.